కుందేలు బొమ్మ పేకెట్టు

విజయనగరం,
జనవరి 18

బావకి,

నువ్వూ, అత్తా, పాపా బాగున్నారనుకుని మొదలుపెడుతున్నాను. బాగా లేకపోతే ముందు ఆ సంగతి రాయి, ఇది తరవాత చదువు.

పక్కపక్క జిల్లాల్లో ఉండి మొగుడూ పెళ్ళాం ఉత్తరాలు రాసుకోవడమేమిటని నవ్వకు. కానిస్టేబుల్ ట్రైనింగులో చేరిన రోజే మా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం ఆఫీసు ఫోనులో మాట్లాడనిస్తారు గానీ నా వెనక బారెడు వరస ఉంటుంది. దొరికిన కాస్త సేపట్లో అత్త చేపల ధర చెబుతుంది, మిగిలినది మనం దెబ్బలాడుకుంటాం. పోయిన ఆదివారం దెబ్బలాట సగంలో ఉండగా నా వంతు అయిపోయింది. మిగతా సగం ఇది.

పాపకి తొమ్మిదో నెల. పాలు మానిపించి వచ్చాను. నువ్వు పొద్దస్తమానం బోటు ఇంజన్ల షెడ్డులో ఉంటావు. అత్త తెల్లారేసరికి చేపల తట్టతో చినబాబు ఆటో ఎక్కేస్తుంది. ఇక ఉగ్గు ఎవరు వేయిస్తారు, ఎవరు విసురుతారు, ఎవరు ఉడకబెడతారు? అందుకని మా కేంటీనులో దొరికే పిల్లల పొడి, కుందేలు బొమ్మ ఉన్న పేకెట్టు, ఆర్టీసీ పార్సిల్లో పంపుతున్నాను. వేడినీళ్ళతో కలపడమే. ఇనుము, విటమిన్లు అన్నీ ఉన్నాయని దాని మీద రాసి ఉంది. ఇంజనులో ఆయిలు పోసేటప్పుడు డబ్బా మీద రాసింది నమ్ముతావు కదా, ఇదీ అలాగే నమ్ము.

నా బూట్లు ఒక సైజు పెద్దవి. ముందు గుడ్డలు కుక్కుకుని పరిగెడుతున్నాను. నా పక్క మంచం గౌతమి అని బొబ్బిలి అమ్మాయి. వాళ్ళ నాన్నగారు గుడిలో వీణ వాయిస్తారట. ఈమె లాఠీని కూడా ఒళ్ళో పెట్టుకునేలా పట్టుకుంటుందని మా డ్రిల్లు మేడం రోజూ తిడుతుంది.

పాప బుగ్గ మీద నా తరఫున ఒకటి.

తులసి

---

ఎర్రన్నపేట,
జనవరి 27

తులసికి,

ఉత్తరం, పార్సిలు రెండూ అందాయి. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఉగ్గు ఎవరు వేయిస్తారు అన్న దగ్గర ఆపమంది. "నాను సచ్చిపోనానేటి?" అంది. ఆ తరవాత తట్ట దులుపుకుని ఆటో ఎక్కేసింది.

అయినా వేయిస్తున్నది అమ్మ కాదు, నేను. బియ్యం, పెసరపప్పు, చిటికెడు వాము దోరగా వేయించి, మన తిరగల్లోనే విసిరి, పాత పంచెలో జల్లించి డబ్బాలో పోశాను. మధ్యాహ్నానికి చోడి జావ. చోళ్ళు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి మరీ పిండి ఆడించాను. చేతుల డీజిలు వాసన పోవడానికి శెనగపిండి, నిమ్మచెక్క రుద్దుతున్నాను. పెళ్ళికి కూడా అంత రుద్దుకోలేదు. షెడ్డుకి వచ్చిన బోటువాళ్ళు తిరగలి చప్పుడు విని ఏ ఇంజను ఇది అని అడుగుతున్నారు. అననీ.

నీళ్ళు పోసి కలిపితే అయిపోయేది సిమెంటు, తిండి కాదు. నీ పేకెట్టు అలమరలో పెట్టాను. చూడ్డానికి కుందేలు బాగానే ఉంది.

నర్సమ్మ వచ్చి పాపని తూచింది. ఏం పెడుతున్నారు అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఇంకో ఇంటికి వెళ్ళాలని లేచిపోయింది.

అక్కడి కూరలు సహించడం లేదని ఫోనులో అన్నావు కదా. ఎండు రొయ్యల పొడి డబ్బా పంపుతున్నాను. వేరే శ్రమ ఏమీ లేదు, అన్నంలో కలుపుకోవడమే.

రెండు ఇంజన్లు విప్పి పెట్టి రాస్తున్నాను కాబట్టి ఇక ఉంటాను.

వినోద్

---

విజయనగరం,
ఫిబ్రవరి 8

సిమెంటు మేస్త్రీ గారికి,

రొయ్యల పొడి అందింది. మూత తీయగానే గౌతమి తన మంచం కిటికీ దగ్గరికి జరుపుకుంది. పాపం వాళ్ళింట్లో వెల్లుల్లి కూడా తినరు. మిగతావాళ్ళు మాత్రం నా మంచం చుట్టూ చేరారు. డబ్బా అప్పుడే సగమయింది.

ఒక సందేహం తీర్చు. నువ్వు నాకు పంపింది డబ్బాలో పొడి. నేను పాపకి పంపింది పేకెట్టులో పొడి. నీది అన్నంలో కలిపితే ఇంటి తిండి. నాది నీళ్ళలో కలిపితే సిమెంటు. అంగన్‌వాడీలో ఇచ్చేది కూడా పేకెట్టులో పొడే కదా. అది కూడా గోడకి పూస్తున్నావా?

మాకిప్పుడు విచారణ ఎలా చేయాలో చెబుతున్నారు. అవతలివాడు కథలు అల్లడానికి వీల్లేకుండా అవును, కాదు అని జవాబు వచ్చేలా అడగాలట. కాబట్టి అడుగుతున్నాను. పేకెట్టు విప్పావా, లేదా?

తాడు ఎక్కుతుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. అక్షరాలు వంకరగా ఉంటే అందుకు. కోపం వల్ల కాదు. కొంచెం అందువల్ల కూడా.

తులసి

---

ఎర్రన్నపేట,
ఫిబ్రవరి 17

విచారణ అధికారి గారికి,

అవును, విప్పాము. అయిపోయింది కూడా. పాప మాత్రం ముట్టలేదు.

కథ అల్లడం లేదు. అమ్మ చేపలు అమ్ముకుని వచ్చి సాయంత్రం టీకి బదులు అది కలుపుకుని తాగుతోంది. నేను చూసేసరికి పేకెట్టు అడుగంటింది. "తియ్యగున్నాదిరా ఇనోదూ. ఆ కూనకేటి తెలస్తాది దీని రుసి. నాకొగ్గీ" అంది. ఈ మధ్య తట్ట ఎత్తుతుంటే నడుం పట్టడం లేదట. నువ్వు చెప్పిన ఇనుము ఇంట్లో ఒకరికి పట్టింది. అంగన్‌వాడీ పొడి కూడా ఆవిడే బెల్లం వేసి ఉండలు చుట్టింది. మన ఇంట్లో బలమైన ఆహారం తింటున్న పసిబిడ్డ అమ్మ ఒక్కతే.

ఖాళీ పేకెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాలు ఉంటే టార్చిలైటు పెట్టి చదివాను. పంచదార రెండు మూడు వేషాల్లో కనిపించింది. ఒకసారి ఆ తీపి మరిగిందంటే పాప నా చోడి జావ వైపు తిరిగి చూడదు. ఇప్పుడు పప్పన్నంలో ముల్లు తీసిన చేప నలిపి పెడితే గుటుక్కున మింగుతోంది. అమ్మ ముల్లు తీస్తుంది, నేను పెడతాను. చినబాబు వచ్చినప్పుడల్లా అరటిపండు తినిపిస్తాడు. పిల్లకి తిండి లోటు లేదు.

ఇక పేకెట్లు పంపకు. పంపితే నానమ్మకి అని పేరు రాసి పంపు.

వినోద్

---

విజయనగరం,
మార్చి 1

బావా,

ఈసారి పోట్లాటకి రాయడం లేదు. పొద్దున్న పరేడు మైదానంలో మా చేత గడ్డి పీకించారు. పీకుతూ నీ ఉత్తరమే తలచుకున్నాను.

నీ చేతి ఉగ్గు నువ్వు పెడుతున్నావు. అత్త ముల్లు తీసి పెడుతోంది. చినబాబు అరటిపండు పెడుతున్నాడు. నా చేతి నుంచి పాప నోట్లోకి వెళ్ళేది ఏముంది? ఇక్కడ నాకు పొయ్యి లేదు, తిరగలి లేదు. చేరిన కొత్తలో పరేడు మధ్యలో పాలు వచ్చి చొక్కా తడిసిపోయేది. చేతులు అడ్డం పెట్టుకోవడానికి కూడా లేదు, చేతులు ప్యాంటు కుట్టుకి ఆనించి నిలబడాలి. ఇప్పుడు ఆ పాలు కూడా ఆగిపోయాయి. నేను వరసలో నిలబడి, కొని, గుడ్డలో కట్టి, అడ్రసు రాసి పంపగలిగింది ఆ పేకెట్టు ఒక్కటే. ఇనుము ఉందని కాదు పంపింది. నేనున్నానని పంపాను.

ఆదివారం ఫోనులో పాప ఊపిరి వినిపిస్తుంది. నేను పిలిస్తే మాత్రం ఏమీ అనదు. ట్రైనింగు అయ్యి నేను వచ్చేసరికి దానికి నేనెవరో తెలియకపోతే, నీ ఉగ్గు ఎంత బలమైనదైతే నాకేం బావా.

ఇంకో పేకెట్టు పంపుతున్నాను. అత్తకి కాదు.

తులసి

---

ఎర్రన్నపేట,
మార్చి 10

తులసికి,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించి, మళ్ళీ మొదలుపెట్టి రాస్తున్నాను. ముందే అలా చెప్పి ఉంటే నేను సిమెంటు అని ఉండేవాణ్ణి కాదు.

నీ పేకెట్టు విప్పాను. రోజూ సాయంత్రం షెడ్డు మూసి, చేతులు కడుక్కుని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు పేకెట్టు చూపిస్తాను. గలగల ఆడిస్తాను. "ఎవరు పంపారు? మమ్మీ పంపింది. ఇదిగో మమ్మీ" అంటాను. ఆ తరవాతే గిన్నె. రోజూ ఇదే వరస, ఒక్క మాట తప్పను. పొద్దునా మధ్యాహ్నం మాత్రం నా ఉగ్గు, నా జావే. పంతం పూర్తిగా వదులుకుంటే మనిషినెలా అవుతాను.

మొదటి రోజు ఉండలు కట్టింది. నీళ్ళు ముందు పోసి పొడి చిలకరిస్తూ తిప్పాలని రెండో రోజుకి పట్టుబడింది. వేడి ఎక్కువైతే జిగురు, తక్కువైతే పచ్చి. కార్బురేటరు సరిచేసినంత పని ఉంది. అమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. "నా పొడి పిల్లకి పెట్టేస్తన్నావేటి" అంది.

పాప గిన్నె నాకేసింది. నా జావని ఏనాడూ అలా నాకలేదు. అది నీకు సంతోషం కాబట్టి రాస్తున్నాను, నాకైతే కాదు.

వినోద్

---

విజయనగరం,
మార్చి 23

బంగారు బావకి,

నిన్న ఫోను పెట్టేశాక నేను ఆఫీసు బెంచీ మీద కూలబడిపోయాను. అక్కడి హెడ్డు కానిస్టేబులుగారు కంగారుపడి, "ఏటమ్మా అలగ ఏడస్తన్నావు, ఇంటికాడ అందరూ బాగున్నారా?" అని అడిగారు. మా పాప నన్ను మమ్మీ అని పిలిచిందండీ అన్నాను. ఆయన నవ్వి, నా వెనక వరసలో వాళ్ళతో చెప్పారు. వాళ్ళు బేరక్సు అంతా చెప్పారు. కేంటీనులో అందరికీ మైసూరుపాకం పెట్టాల్సి వచ్చింది. గౌతమి తన వాటా తింటూ, "మా నాన్నగారి వీణకి కూడా అంత స్పష్టమైన శ్రుతి ఉండదు" అంది. నా చెవి పక్కన చెవి పెట్టి విందిలే.

అమ్మ అంటే ఇంకా బాగుండేది అని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం ఏ మాటైతేనేం అనిపించింది. రెండుసార్లు అంది, నువ్వు విన్నావు కదా. పదకొండో నెలకే. నేను పంపిన పొడి తిని, నా పేరు తలుచుకుంది.

ఇవాళ తాడు చివరి దాకా ఎక్కాను. మేడం కిందనుంచి శభాష్ అంది.

పాప పిలిచినప్పుడు వెనక గలగలమని ఏదో చప్పుడైంది. గిలక్కాయ కొన్నావా?

నీ తులసి

---

ఎర్రన్నపేట,
ఏప్రిల్ 2

తులసికి,

మైసూరుపాకం సంగతి చదివి అమ్మకి చెప్పలేదు. ఎందుకంటే అమ్మ వేరే మాట అంటోంది.

గిలక్కాయ కాదు, అది నీ పేకెట్టు. నువ్వు ఫోనులో ఉన్నావని పాపకి తెలుసో లేదో నాకు తెలియదు. పేకెట్టు కనిపిస్తే మమ్మీ అంటోంది. అలమర తలుపు తీస్తే మమ్మీ అంటోంది. అయిపోయిన పేకెట్టుని కావలించుకుని పడుకుంటోంది. కుందేలు చెవి దగ్గర కాగితం నాని చిరిగిపోయింది. "ఒరే, అది ఎవుల్ని పిలస్తన్నాదో నీకు తెలస్తన్నాదా?" అని అమ్మ అడిగింది. నేను స్పేనరు వెతుక్కుంటున్నట్టు షెడ్డులోకి వెళ్ళిపోయాను.

నీ ఫోటో చూపిస్తున్నాను. ఫోను లాక్కుని నాకుతోంది.

అందుకని చెబుతున్నాను, కొన్నాళ్ళు పేకెట్లు పంపకు. ఇది నా పాత పంతం కాదు. పాపకి పళ్ళు వచ్చాయి, అన్నం బాగా తింటోంది. ఇంతకన్నా నాకు రాయడం చేతకావడం లేదు. నువ్వే అర్థం చేసుకో.

వినోద్

---

విజయనగరం,
ఏప్రిల్ 12

బావకి,

అర్థం చేసుకున్నాను. బాగా అర్థమైంది.

పేకెట్టు చూస్తే పాపకి నేను గుర్తొస్తున్నాను. ఖాళీ కాగితాన్ని కూడా గుండెకి హత్తుకుంటోంది. ఇదంతా చూడలేక పంపకు అంటున్నావు. పిల్ల ముందు నాన్న అనలేదని నీకు కుళ్ళు. ఒప్పుకో, ఎవరికీ చెప్పను. రోజంతా పెంచేది నువ్వు, పిలిచేది నన్ను. నీ బాధ నాకు తెలియదనుకోకు. నాన్న అని నేనే వచ్చి నేర్పుతాను.

పాప పుట్టినరోజుకి నాలుగు రోజులు సెలవు ఇచ్చారు. మే మొదటి వారంలో వస్తాను. ఈలోగా పాపకి లోటు రాకుండా ఈసారి పెద్ద పేకెట్లు రెండు పంపుతున్నాను. నేను వచ్చేదాకా మమ్మీ అని పిలిపిస్తూనే ఉండు.

యూనిఫారం కూడా తెస్తాను. అత్తకి చూపించాలి. అప్పుడు ఈ ఉద్యోగం వద్దన్న ఆవిడే ఇప్పుడు బజారులో మా కోడలు పోలీసు అని చెప్పి బేరం ఆడుతోందట కదా.

తులసి

---

ఎర్రన్నపేట,
ఏప్రిల్ 22

తులసికి,

వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి, ఇంజన్లన్నీ నా షెడ్డులో ఉన్నాయి. ఊపిరి సలపడం లేదు.

కుళ్ళు కాదు. నాన్న అన్నా అనకపోయినా నా చొక్కా పట్టుకుని లాగుతుంది, నాకది చాలు. నీ పెద్ద పేకెట్లు రెండూ అటక మీద పెట్టాను. పాప చూసేసింది. అటక వైపు చేతులు చాచి మమ్మీ మమ్మీ అని ఒకటే ఏడుపు. పక్కింటి ఎల్లాజీ విని వచ్చి, "పాపం తల్లి మీద బెంగెట్టుకున్నాది బావా" అని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను నిచ్చెన తెచ్చుకున్నాను. ఆయనకి ఏమీ చెప్పలేదు. నీకూ చెప్పలేకపోతున్నాను.

నువ్వు వచ్చేటప్పుడు చేతిలో పేకెట్టు పట్టుకుని దిగకు. కారణం అడగకు.

పుట్టినరోజుకి పండుగప్ప చేప తెమ్మని అమ్మ చెప్పింది. నిషేధంలో ఎక్కడినుంచి వస్తుందో ఆవిడకే తెలియాలి.

వినోద్

---

విజయనగరం,
మే 10

బావకి,

బస్సులో రాద్దామనుకున్నాను, చెయ్యి కుదరలేదు. ఇక్కడికి వచ్చాక రెండు రోజులకి రాస్తున్నాను. బయల్దేరేటప్పుడు నీతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాను.

నువ్వు వద్దన్నావని పేకెట్టు బేగులోనే ఉంచి ఉత్త చేతులతో ఆటో దిగాను. పాప నన్ను చూసి అత్త మెడలో ముఖం దాచుకుంది. మొదట్లో పిల్లలు అంతే అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. మర్నాటికీ రాలేదు. నేను చేతులు చాస్తే చినబాబు దగ్గరికి వెళ్ళింది. అప్పుడు తట్టుకోలేక బేగులోంచి పేకెట్టు తీశాను. ముఖం విప్పారింది. రెండు చేతులూ చాచి, నవ్వుతూ, ఎంత ముద్దుగా అందో, మమ్మీ అని.

నాతో కాదు. కుందేలుతో.

ఎల్లాజీ మావ కూడా నవ్వేశాడు. నేనూ నవ్వాను. తరవాత పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను. అత్త వచ్చి చెంబు లాక్కుని, "నీలన్నీ అయిపోతన్నాయే" అంది.

సాయంత్రం నేనే కలుపుతానని పట్టుబట్టాను కదా. ఉండలు కట్టింది. పాప ఉమ్మేసింది. నేను పంపే పొడి కలపడం నాకే రాదు. నువ్వు గిన్నె తీసుకుని, ఒక్క మాట అనకుండా, నీళ్ళు ముందు పోసి తిప్పావు. నువ్వు ఏదైనా అని ఉంటే దెబ్బలాడేదాన్ని.

మూడో రోజు అత్త కోసం యూనిఫారం వేసుకున్నాను. అప్పుడే పాప దగ్గరికి వచ్చింది. బొత్తాలు లాగింది, విజిలు తాడు నోట్లో పెట్టుకుంది. నా ఒళ్ళో కూర్చుని నీ చోడి జావ తాగింది. బెల్టు బకిలు పట్టుకుని అలాగే పడుకుంది. నాలుగో రోజు నేను వచ్చేశాను. నువ్వు బస్టాండులో "అది మెల్లగా నేర్చుకుంటుంది" అన్నావు. నేను ముఖం తిప్పుకుని బస్సెక్కాను.

నీ ఏప్రిల్ ఉత్తరాలు మళ్ళీ చదివాను. నువ్వు చెప్పావు. అంత గౌరవంగా చెబితే ఎవరికి అర్థమవుతుంది బావా. ఇదిగో మమ్మీ అని పేకెట్టు ఆడించమని నీకెవరు చెప్పారు అని అడగబోయి ఆగాను. నా పేరు దాని చెవిన పడాలనే ఆడించావు. ఎవరి మీద కేసు పెట్టాలో తెలియడం లేదు.

ఇక పేకెట్టు పంపను.

తులసి

---

ఎర్రన్నపేట,
మే 20

తులసికి,

చదువుతూ కూర్చో, నిలబడి చదవకు.

నువ్వు వెళ్ళిన సాయంత్రం అలవాటు కొద్దీ పేకెట్టు ఆడించాను. పాప కుందేలుని చూసింది. ఏమీ అనలేదు. నోరు తెరిచింది, తిన్నది, దిగిపోయింది. మర్నాడూ అంతే. ఆ మాటే మరిచిపోయిందనుకున్నాను. పేకెట్టు పోతే పోయింది, మాట కూడా పోయిందా అని.

మొన్న తెల్లవారుజామున చినబాబు అమ్మనీ, ఎండుచేపల తట్టనీ ఎక్కించుకోవడానికి వచ్చాడు. ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆటోవాళ్ళు వేసుకునేదే, నీకు తెలుసు కదా. పాప అరుగు మీదనుంచి రెండు చేతులూ చాచి, మమ్మీ అంది. వాడి మీసాలతో సహా, మమ్మీ అంది. వాడు వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసుకున్నాడు. ఎవరూ లేరు. "ఏటి బావా, నీ కూతురు నన్ను తల్లిని సేసీసింది" అన్నాడు. పాప వాడి బొత్తాలు లాగింది, విజిలు కోసం జేబులు వెతికింది.

ఆ రోజు నుంచి చూస్తున్నాను. శ్రీకాకుళం బస్సు కండక్టరుని మమ్మీ అంది. లైట్‌హౌసు దగ్గర వాచ్‌మన్ని మమ్మీ అంది. ఆయనకి పళ్ళు కూడా లేవు, అయినా పొంగిపోయాడు. నన్ను మాత్రం అనడం లేదు. నా చొక్కా నీలం. అమ్మ అంతా చూసి, "కుందేలు కన్న సినబాబు నయం కదరా. మనిసి దాకా వచ్చినాది. ఆడమనిసి దాకా రాదేటి?" అంది. ఇంత తెలివైన మాట ఆవిడ అనడం నేను ఇంతకు ముందు వినలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. చినబాబు రోజూ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వస్తున్నాడు. ఒట్టి చేతులతో రావడం బాగోదని క్రీము బిస్కట్ పేకెట్టు తెస్తున్నాడు. వద్దంటే, "తల్లి మనసు బావా, నీకు తెలీదు" అంటున్నాడు. వాడికి పంచదార వేషాల గురించి చెప్పాను. వాడు నర్సమ్మలాగే మధ్యలో వెళ్ళిపోయాడు.

నీ పెద్ద పేకెట్టు ఒకటి మిగిలింది. అమ్మ తాగుతోంది.

వినోద్

---

విజయనగరం,
మే 29

బావకి,

కూర్చునే చదివాను. ముందు నవ్వాను. గౌతమికి చదివి వినిపిస్తూ లైట్‌హౌసు వాచ్‌మన్ దగ్గర ఆపి ఉత్తరం తన చేతికి ఇచ్చేశాను. మిగతాది తనే చదువుకుంది.

అంటే ఆ ఒక్క రోజూ నా ఒళ్ళో కూర్చున్నది దానికి గుర్తుంది. ముఖం గుర్తులేదు, బట్ట గుర్తుంది. ఫరవాలేదు, బట్టలో ఉన్నది నేనే కదా.

ఈసారి పార్సిల్లో పొడి లేదు. తాడు ఎక్కుతుంటే మోచేతి దగ్గర చిరిగిన నా ఖాకీ చొక్కా ఉంది. స్టోర్సులో అడిగితే పాతది నన్నే ఉంచుకోమని కొత్తది ఇచ్చారు. ఉతక్కుండా పంపుతున్నాను, నువ్వూ ఉతక్కు. అత్త వద్దంటుంది, వినకు. పాప పడుకునేటప్పుడు పక్కన వెయ్యి. గలగల ఆడించకు, ఇదిగో మమ్మీ అనకు. ఉత్తినే వెయ్యి చాలు. నువ్వు మాత్రం తొడుక్కోకు. ఇంట్లో ఇప్పటికే అమ్మలు ఎక్కువయ్యారు.

బిస్కట్ల సంగతి చినబాబుతో నేను మాట్లాడతాను. పోలీసు మాట వింటాడు.

జులైలో రెండు రోజులు సెలవు ఉంటుందంటున్నారు. యూనిఫారంలోనే దిగుతాను. ఆ రోజు చినబాబుని లుంగీ బనీనుతో రమ్మను. కండక్టరు సంగతి నేను చేయగలిగింది లేదు, ఆయన బస్సులోనే ఉంటాడు. నేను దిగేసరికి నువ్వు పాపని ఎత్తుకుని రోడ్డు దాకా రా. అది ఎవరిని పిలుస్తుందో చూసుకుందాం. నన్నే పిలిస్తే, నీ చేత ఒక గిన్నెడు చోడి జావ కాయించుకుని, దానితో పాటు నేనూ తాగుతాను.

ఇంకా కండక్టరునే పిలిస్తే, దాని వాటా జావ కూడా నాకే తాగించు.

తులసి